వేలు తగిలితే చాలు, ఫోన్లు రావడం ఆగిపోతోంది. ఏం చేయాలి?

ప్రశ్న: నాకు అరవై మూడేళ్లు. ఆ మధ్య మా అబ్బాయి కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ కొనిచ్చాడు. మెసేజ్ వచ్చిందేమో చూద్దామని పైనుంచి కిందికి లాగితే అక్కడ బోలెడు బొమ్మలు వస్తాయి. ఎక్కడో ఒకచోట వేలు తగులుతుంది, ఏదో ఒకటి మారిపోతుంది. మొన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క ఫోనూ రాలేదు. అబ్బాయి కంగారుపడి పక్కింటివాళ్లకి ఫోన్ చేశాడు. తీరా చూస్తే విమానం బొమ్మ వెలుగుతోంది. ఇంకోసారి ఫోన్లు వస్తున్నాయి గానీ మోగలేదు. మనవరాలు "అవన్నీ మార్చుకోవచ్చు నానమ్మా" అంటుంది. కానీ చకచకా నొక్కేసి చేతిలో పెడుతుంది, నాకేమీ అర్థం కాదు. నాకు రోజూ కావలసింది టార్చ్. అదేమో ఎక్కడో రెండో పేజీలో ఉంది. ఏదైనా తీసేస్తే మళ్లీ రాదేమో, ఫోన్ పాడవుతుందేమో అని టెన్షన్. ఏవి ఉంచుకోవాలి, ఏవి తీసేయాలి?

సమాధానం: అమ్మా, మీ భయం దగ్గరే మొదలుపెడతాను. అది పోతే మిగతాదంతా సులువే.

పైనుంచి లాగితే వచ్చే ఆ బొమ్మల వరసని క్విక్ సెట్టింగ్స్ అంటారు. ఒక్కో బొమ్మని టైల్ అంటారు, మనం బటన్ అనుకుందాం. ఫోన్‌లో సెట్టింగ్స్ అనే పెద్ద విభాగం ఒకటి ఉంది కదా, అందులో తరచూ వాడేవాటిని చేతికి అందేలా పైకి తెచ్చి పెట్టారు, అంతే. అక్కడి నుంచి ఒక బటన్ తీసేస్తే ఆ సౌకర్యం ఫోన్‌లోంచి పోదు. గదిలో స్విచ్‌ని చేయి తగలని గోడకి మార్చినట్టన్నమాట, లైటు ఎక్కడికీ పోదు. మళ్లీ కావాలనుకుంటే అర నిమిషంలో వెనక్కి తెచ్చుకోవచ్చు. మొత్తం గందరగోళం అయిపోయినా, బటన్లు మార్చుకునే పేజీలోనే 'రీసెట్' అని ఉంటుంది. అది నొక్కితే వరస కొత్త ఫోన్‌లో వచ్చినప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది. కాబట్టి మీరు ఎంత మార్చినా ఫోన్ పాడవదు.

ఇంకా ధైర్యం కావాలంటే మొదలుపెట్టే ముందు ఆ వరసలు కనిపిస్తుండగా ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఏది ఎక్కడ ఉండేదో ఆ ఫొటో చెబుతుంది.

ఇప్పుడు అసలు పని. ఈ రోజు మిగతావేవీ చేయకపోయినా ఫర్వాలేదు గానీ, విమానం బొమ్మని (దీన్నే ఏరోప్లేన్ మోడ్ అంటారు, ఆన్ అయితే మామూలు ఫోన్లు రావు) అక్కడి నుంచి తీసేసి ఆ చోట టార్చ్ పెట్టండి. ఫోన్ మీ చేతిలోనే ఉండాలి, మనవరాలు పక్కన కూర్చుని చూడాలి. ఆమె చేసి చూపిస్తే మీకు రాదు, మీ వేలే కదలాలి.

స్క్రీన్ పై అంచు నుంచి ఒకసారి లాగండి. కొన్ని బటన్లు, వాటి కింద మెసేజ్‌లు కనిపిస్తాయి. మళ్లీ ఒకసారి లాగండి. ఇప్పుడు బటన్లన్నీ పూర్తిగా తెరుచుకుంటాయి. (మొదటిసారే రెండు వేళ్లు ఆనించి లాగినా చాలా ఫోన్లలో నేరుగా ఇక్కడికే వస్తారు.) అక్కడ చిన్న పెన్సిల్ బొమ్మ కోసం చూడండి. కొన్ని ఫోన్లలో అది పై మూలన ఉంటుంది, కొన్నిట్లో కింద. పెన్సిల్ లేకపోతే మూడు చుక్కలు ఉంటాయి, వాటిని నొక్కితే 'ఎడిట్' అని వస్తుంది. అది నొక్కగానే పేజీ రూపు మారుతుంది. పైన ఇప్పుడు మీరు వాడుతున్న బటన్లు, కింద వాడకుండా పక్కన పెట్టినవి. ఈ పేజీలో ఉన్నంతసేపూ ఏ బటన్ తాకినా అది ఆన్ అవదు, ఆఫ్ అవదు. ఇక్కడ జరిగేది స్థానాలు మార్చడం ఒక్కటే. అందుకని ఇక్కడ నెమ్మదిగా, ఎంతసేపైనా చూసుకోవచ్చు.

టార్చ్ మీద వేలు పెట్టి తీయకుండా ఒక్క క్షణం ఆగండి. బటన్ కాస్త ఉబ్బినట్టు పైకి లేస్తుంది. అదే గుర్తు, అది మీ వేలికి చిక్కిందని. వేలు ఎత్తకుండా మొదటి వరసలోకి జరపండి. దారిలో ఉన్న బటన్లు వాటంతట అవే పక్కకి తప్పుకుంటాయి. మీకు కావలసిన చోటికి రాగానే వేలు ఎత్తేయండి. అలాగే విమానం బొమ్మని పట్టుకుని కింది భాగంలోకి లాగి వదిలేయండి. కొన్ని ఫోన్లలో లాగక్కర్లేదు, బటన్ మూలన తీసివేత గుర్తు ఉంటుంది, అది నొక్కితే చాలు. చివరికి 'డన్' గానీ వెనక్కి వెళ్లే బాణం గానీ నొక్కండి. విమానం బొమ్మని తీయనివ్వని ఫోన్ అయితే చిట్టచివరి పేజీకి తోసేయండి. ఎక్కడైతే మీ వేలు అనుకోకుండా పడదో అక్కడికి.

మొదటిసారి వేలు జారుతుంది, బటన్ మధ్యలో పడిపోతుంది. మళ్లీ పట్టుకోండి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచీ ఈ మార్చుకునే వీలు ఉంది, కాబట్టి మీ కొత్త ఫోన్‌లో తప్పకుండా ఉంటుంది.

మీ ఉత్తరంలో ఇంకో విషయం ఉంది. మీరు బటన్ల కోసం కాదు, మెసేజ్‌ల కోసం లాగుతున్నారు. రెండూ ఒకేచోట తెరుచుకోవడం వల్లే వేలు తగులుతోంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ రెంటినీ విడదీయవచ్చు. షావోమీ ఫోన్లలో 2020లో వచ్చిన ఎంఐయూఐ 12 అనే సాఫ్ట్‌వేర్ నుంచీ ఈ ఏర్పాటు ఉంది. స్క్రీన్ పైన ఎడమ పక్క నుంచి లాగితే మెసేజ్‌లు, కుడి పక్క నుంచి లాగితే బటన్లు. శాంసంగ్ కూడా 2025లో వచ్చిన వన్ యూఐ 7 అనే తన సాఫ్ట్‌వేర్‌లో అలాగే విడదీసింది. పై కుడి మూల నుంచి లాగితేనే బటన్లు వస్తాయి, మిగతా ఎక్కడి నుంచి లాగినా మెసేజ్‌లే. ఈ కొత్త పద్ధతి వచ్చినప్పుడు చాలామంది విసుక్కుని పాతదానికి మార్చేసుకున్నారు. కానీ మీలాంటివారికి విడిగా ఉండడమే మేలని నా గట్టి అభిప్రాయం. మీ ఫోన్ ఈ రెండు కంపెనీల్లో ఒకటైతే, బటన్లు మార్చుకునే పేజీలోనో సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల దగ్గరో ఈ ఎంపిక ఉంటుంది, చూడమని మనవరాలికి చెప్పండి. అలా విడదీసుకున్నాక మెసేజ్‌లు చూసేటప్పుడు బటన్లు అసలు కనిపించవు.

ఆ వీలు లేని ఫోన్ అయితే ఒక్కసారి లాగి ఆగండి. మెసేజ్‌లు చదవడానికి రెండోసారి లాగే పని లేదు.

ఇక ఏవి ఉంచుకోవాలన్నది. ఒక్కసారి లాగినప్పుడు కనిపించే మొదటి వరసే ముఖ్యం. ఫోన్‌ని బట్టి అందులో నాలుగు నుంచి ఎనిమిది దాకా బటన్లు పడతాయి. ఈ చోటు విలువైనది. దీనికి నేను చూసేది రెండే. చీకట్లోనో తొందరలోనో చటుక్కున కావలసి వచ్చేది అక్కడ ఉండాలి. పొరపాటున తగిలినా నష్టం లేనిది అక్కడ ఉండాలి. టార్చ్ రెండిటికీ సరిపోతుంది. తగిలితే లైటు వెలుగుతుంది, కంటికి కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే ఆరిపోతుంది. ఏరోప్లేన్ మోడ్ రెండిట్లోనూ తప్పిపోతుంది. అది ఆన్ అయితే పై అంచున చిన్న గుర్తు తప్ప ఫోన్‌లో ఏ తేడా కనిపించదు, రావలసిన ఫోన్లు మాత్రం రావు.

టార్చ్ పక్కన ఆటో రొటేట్ పెట్టుకోండి. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే వీడియో పెద్దదవ్వడం, పడుకుని చదువుతుంటే అక్షరాలు పక్కకి తిరిగిపోవడం, రెండూ దీని పనే. పొరపాటున తగిలినా ఇబ్బంది ఏమీ ఉండదు. క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేయాల్సిన అవసరం పడుతుంటే ఆ స్కానర్‌కి కూడా ఆండ్రాయిడ్ 13 నుంచి బటన్ ఉంది, కింది భాగంలో వెతికి పైకి తెచ్చుకోండి. రాత్రిపూట కళ్లు లాగుతుంటే నైట్ లైట్ మంచిది, స్క్రీన్ కాస్త పసుపు రంగులోకి మారుతుంది. కొన్ని ఫోన్లలో దాన్నే ఐ కంఫర్ట్ అంటారు. బ్లూటూత్ అనేది వైరు లేని ఇయర్‌ఫోన్లు గానీ వినికిడి పరికరం గానీ వాడేవారికే అవసరం. మీరు వాడకపోతే వెనక్కి పంపేయండి.

ఇంటర్నెట్ బటన్ సంగతి ఫోన్‌ని బట్టి ఉంటుంది. గూగుల్ పిక్సెల్ లాంటి ఫోన్లలో 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి వైఫై, మొబైల్ డేటా రెండూ కలిపి 'ఇంటర్నెట్' అనే ఒక్క బటన్ చేశారు. దాన్ని తాకగానే నెట్ ఆగిపోదు. చిన్న కిటికీ తెరుచుకుంటుంది, అందులో ఏది ఆపాలో మళ్లీ నొక్కాలి. రెండుసార్లు నొక్కాలని చాలామంది తిట్టుకున్నారు గానీ, పొరపాట్లు జరగకుండా ఉండడానికి ఇది మంచిదే. మీ ఫోన్‌లో వైఫై, మొబైల్ డేటా విడివిడిగా ఉంటే మాత్రం మొబైల్ డేటా బటన్‌ని మొదటి వరస నుంచి తప్పించండి.

హాట్‌స్పాట్ కూడా వెనక్కే. మీ ఫోన్‌లోని నెట్‌ని ఇంకొకరికి పంచే బటన్ అది. తెలియకుండా ఆన్‌లో ఉంటే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. బ్యాటరీ సేవర్, డేటా సేవర్ రెండూ పనికొచ్చేవే. కానీ అవి ఆన్‌లో ఉన్నప్పుడు కొన్ని యాప్‌లు వెనక పనిచేయడం తగ్గిస్తాయి, దాంతో మెసేజ్‌లు ఆలస్యంగా రావచ్చు. 'ఎక్స్‌ట్రా డిమ్' అని ఇంకొకటి ఉంటుంది, అది తగిలితే స్క్రీన్ బాగా చీకటైపోయి ఫోన్ చెడిపోయిందేమో అనిపిస్తుంది. మొదటి వరసలో అది ఉండకూడదు.

మైక్ యాక్సెస్, కెమెరా యాక్సెస్ అనే రెండు బటన్ల గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇవి ఆండ్రాయిడ్ 12తో వచ్చాయి. ఏ యాప్ కూడా మన మాట వినకుండా, కెమెరా వాడకుండా ఒక్క నొక్కుతో ఆపేయడానికి పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ మైక్ యాక్సెస్ ఆఫ్‌లో ఉంటే వాట్సాప్ కాల్‌లో మీకు అవతలివాళ్లు వినిపిస్తారు, మీరు వాళ్లకి వినిపించరు. సిగ్నల్ బాగాలేదనుకుని గట్టిగా అరుస్తూ ఉంటారు జనం. ఎప్పుడైనా అలా జరిగితే ముందు ఈ బటన్ చూడండి.

ఫోన్లు వస్తున్నాయి గానీ మోగలేదన్నారు. అది ఏరోప్లేన్ మోడ్ కాదు. 'డు నాట్ డిస్టర్బ్' అయి ఉండాలి, లేదా సౌండ్ బటన్ తగిలి మ్యూట్ అయి ఉండాలి. డు నాట్ డిస్టర్బ్ గుర్తు గుండ్రంలో అడ్డగీత. కొన్ని కొత్త ఫోన్లలో ఇది 'మోడ్స్' అనే బటన్ లోపల ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే ఫోన్ వస్తుంది, చప్పుడు చేయదు. తర్వాత చూసుకుంటే మిస్డ్ కాల్ ఉంటుంది. కొన్నిసార్లు ఇది మీ వేలు తగలకుండానే ఆన్ అవుతుంది, ఎందుకంటే రాత్రి ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా అని టైము పెట్టుకునే ఏర్పాటు అందులో ఉంది. కొత్త ఫోన్ మొదలుపెట్టేటప్పుడు ఎవరో దాన్ని ఒప్పుకుని ఉండవచ్చు.

దీన్ని తీసేయమని మాత్రం నేను చెప్పను. నిద్ర చెడగొట్టే చప్పుళ్లు ఆపడానికి ఇంతకన్నా మంచి సాధనం ఫోన్‌లో లేదు. కాకపోతే సరిగ్గా అమర్చుకోవాలి. ఆ బటన్‌ని తాకి వదిలేయకుండా నొక్కి పట్టుకోండి. దాని పూర్తి సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. అందులో 'పీపుల్' లేదా 'కాల్స్' అని ఉంటుంది. ఎవరి ఫోన్లు మోగవచ్చో అక్కడ చెప్పాలి. 'స్టార్డ్ కాంటాక్ట్స్' అనేది ఎంచుకుని, కాంటాక్ట్స్‌లో మీ అబ్బాయి పేరు తెరిచి అక్కడున్న నక్షత్రం గుర్తు నొక్కండి. మనవరాలికీ, పక్కింటివాళ్లకీ అలాగే పెట్టండి. ఇక డు నాట్ డిస్టర్బ్ ఎప్పుడు ఆన్ అయినా వాళ్ల ఫోన్లు మోగుతాయి. ఆ పేజీలోనే 'రిపీట్ కాలర్స్' అని ఇంకొకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంచండి. ఒకే మనిషి పదిహేను నిమిషాల లోపు రెండోసారి చేస్తే ఆ ఫోన్ మోగుతుంది. అబ్బాయికి ఈ మాట చెప్పి ఉంచండి, మొదటిసారి ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చేయమని. అంతకన్నా అవసరం ఏముంటుంది?

అలారం గురించి భయపడకండి. మామూలుగా అయితే డు నాట్ డిస్టర్బ్‌లో కూడా అలారం మోగుతుంది. మందుల కోసం అలారం పెట్టుకునేవారైతే అదే పేజీలో అలారమ్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఈ నొక్కి పట్టుకోవడం అన్నది మిగతా బటన్లకూ పనికొస్తుంది. తాకితే ఆన్, మళ్లీ తాకితే ఆఫ్. నొక్కి పట్టుకుంటే ఆ బటన్ తాలూకు లోపలి పేజీ. వైఫై మీద నొక్కి పట్టుకుంటే చుట్టుపక్కల వైఫైల జాబితా వస్తుంది, బ్లూటూత్ మీద అయితే కలిపిన పరికరాలు. ఏ బటన్ ఏమిటో తెలియనప్పుడు తాకి చూడకండి, నొక్కి పట్టుకుని చూడండి. చాలావాటికి ఏమీ మారకుండా పేజీ తెరుచుకుంటుంది, అక్కడ పేరు, వివరం చదువుకుని వెనక్కి రావచ్చు. అక్కడ బోలెడు బొమ్మలున్నాయన్నారు కదా, రోజుకొకటి ఇలా తెరిచి చూస్తే మీకే తెలిసిపోతుంది.

రంగు కూడా గమనించండి. రంగు నిండి వెలుగుతుంటే ఆన్‌లో ఉన్నట్టు, బూడిద రంగులో ఉంటే ఆఫ్. ఏరోప్లేన్ మోడ్ ఆన్‌లో ఉంటే బటన్ల దాకా వెళ్లక్కర్లేదు, స్క్రీన్ పై అంచున సిగ్నల్ గీతలు ఉండాల్సిన చోట చిన్న విమానం కనిపిస్తుంది. ఆ రోజు మీకు సాయంత్రం దాకా అనుమానం రాకపోవడానికి కారణం కూడా ఉండి ఉంటుంది. ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నా వైఫై ఆన్‌లో ఉంటే వాట్సాప్ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. అన్నీ బాగానే ఉన్నాయనిపిస్తుంది, మామూలు ఫోన్లు మాత్రం రావు. ఇకపై కొన్ని గంటలు ఫోన్ నిశ్శబ్దంగా ఉంటే ఆ పై అంచుని ఒకసారి చూడండి. విమానం ఉంటే ఆఫ్ చేసి కొన్ని సెకన్లు ఆగితే సిగ్నల్ గీతలు తిరిగి వస్తాయి.

మీరు అడగలేదు గానీ చెప్పి తీరాల్సింది ఒకటుంది. ఫోన్ లాక్‌లో ఉన్నా చాలా ఫోన్లలో ఈ బటన్లు పైనుంచి లాగితే వస్తాయి. బ్యాగులోనో జేబులోనో ఒరుసుకుని అవి నొక్కుకుపోవడం ఒక ఇబ్బంది. ఫోన్ దొంగతనం జరిగితే, తీసుకున్నవాడు లాక్ తెరవకుండానే ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి, ఫోన్ ఎక్కడుందో మనకి తెలియకుండా చేయడం ఇంకా పెద్ద ఇబ్బంది. శాంసంగ్ ఫోన్లలో దీనికి మంచి ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్, అందులో సెక్యూర్ లాక్ సెట్టింగ్స్, అక్కడ 'లాక్ నెట్‌వర్క్ అండ్ సెక్యూరిటీ'. అది ఆన్ చేస్తే లాక్ తీయకుండా ఎవరూ నెట్‌వర్క్ బటన్లు మార్చలేరు. టార్చ్ మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది. వేరే కంపెనీ ఫోన్ అయితే సెట్టింగ్స్ పైన ఉండే వెతికే పెట్టెలో 'లాక్ స్క్రీన్' అని కొట్టి, అలాంటి ఎంపిక ఏదైనా ఉందేమో చూడమని మనవరాలికి చెప్పండి. ఈ పని ఈ వారంలోనే చేయించుకోండి.

ఐఫోన్ వాడే పాఠకుల కోసం రెండు మాటలు. అక్కడ దీన్ని కంట్రోల్ సెంటర్ అంటారు. పై కుడి మూల నుంచి కిందికి లాగాలి, హోమ్ బటన్ ఉన్న పాత ఫోన్లలో కింది నుంచి పైకి. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 అనే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ నుంచి బటన్లని కావలసిన చోటికి జరుపుకోవచ్చు, పెద్దవీ చిన్నవీ చేసుకోవచ్చు. ఖాళీ చోట వేలు నొక్కి పట్టుకుంటే, లేదా పై మూలన ఉన్న కూడిక గుర్తు నొక్కితే ఆ వీలు తెరుచుకుంటుంది. అక్కడ వైఫై బటన్ తాకితే వైఫై పూర్తిగా ఆఫ్ అవదు. అప్పటికి విడిపోతుంది, తెల్లవారి 5 గంటలకి తనంతట తనే మళ్లీ కలుస్తుంది. పూర్తిగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. లాక్‌లో ఉన్నప్పుడు కంట్రోల్ సెంటర్ రాకూడదనుకుంటే, సెట్టింగ్స్‌లో ఫేస్ ఐడీ అండ్ పాస్‌కోడ్ పేజీలో ఆఫ్ చేసుకోవచ్చు.

అమ్మా, మీరు బటన్లు ఒకసారి అమర్చుకున్నాక వాటి చోట్లు తరచూ మార్చకండి. కొన్నాళ్లకి వేలే చోటు గుర్తుపెట్టుకుంటుంది, కళ్లజోడు లేకుండానే టార్చ్ మీద పడుతుంది. మనవరాలికి కూడా చెప్పండి, తనకి నచ్చినట్టు సర్దేయవద్దని. ఫోన్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చిన మర్నాడు మాత్రం ఒకసారి లాగి చూసుకోండి, కొన్నిసార్లు వరస మారుతుంది, కొత్త బటన్లు వచ్చి చేరతాయి.

ఇవన్నీ చేశాక కూడా ఫోన్లు రాకుండా ఆగిపోతే అది బటన్ల వల్ల కాకపోవచ్చు, సిమ్ సంగతో నెట్‌వర్క్ సంగతో చూడాల్సి ఉంటుంది. అప్పుడు మళ్లీ రాయండి. రాసేటప్పుడు ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ ఎన్నోది అన్నది కూడా రాయండి. సెట్టింగ్స్‌లో కిందికంటా వెళితే 'అబౌట్ ఫోన్' అని ఉంటుంది, రెండూ అక్కడే కనిపిస్తాయి.